పదమూడు అక్షరాల వెండి బిళ్ళ

వెండి బిళ్ళ మీద చెక్కిన పానపాత్ర అంచున తొమ్మిది ముత్యాలున్నాయి. భూతద్దం కింద ఒక్కొక్కటే చూస్తే ఏ రెండూ అచ్చంగా ఒకేలా లేవు. ఎడమ చివరిది కాస్త చిన్నది. నడిమిది నిండుగా, గుండ్రంగా ఉంది. కుడివైపు రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. కంప్యూటర్‌లో గీసి యంత్రంతో చెక్కించిన అచ్చయితే తొమ్మిదీ ఒకే కొలతలో ఉండేవి. ఇక్కడ ఎవరో ఒక పనివాడు ఉక్కు దిమ్మె మీద తొమ్మిది చిన్న గుంటలు తవ్వాడు. దిమ్మె మీద గుంట తవ్వితే నాణెం మీద ముత్యం లేస్తుంది. గుంట గుంటకీ చెయ్యి ఎత్తి, చూసుకుని, మళ్లీ దించాడు. ఆ ఎత్తడం, దించడం ఈ వెండి మీద ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

ఈ బిళ్ళ ఉన్నది కొత్తపేటలో, దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీనగర్‌కీ నడుమ ఒక పాత డాబా ఇంట్లో. ఇంటి పెద్దాయన నల్లగొండ జిల్లా బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చర్చి వాళ్లతో కలిసి యెరూషలేము యాత్రకు వెళ్లినప్పుడు దీన్ని తెచ్చుకున్నారు. ఆయన పోయాక బీరువాలో, చిన్న గుడ్డ సంచిలో కూతురికి దొరికింది. "నాన్న దీన్ని యేసుప్రభువు కాలం నాటిదనేవారు అంకుల్. నిజమేనా? తమ్ముడూ నేనూ పంచుకోవాలి, ఎంత చేస్తుందో చెప్పండి" అని నా చేతిలో పెట్టింది. బిళ్ళ ఏమిటో తేలితే తప్ప ఎంతో తేలదు. ఏమిటో తేల్చాలంటే దాన్ని చేసిన చెయ్యి ఏం చేసిందో దగ్గరగా చూడాలి.

దీనికి మాతృక ఏదో గుర్తుపట్టడం తేలిక. క్రీ.శ. 66లో యూదయలో రోమ్ మీద తిరుగుబాటు లేచింది. యెరూషలేములో పగ్గాలు పట్టినవాళ్లు తమ సొంత వెండి నాణెం కొట్టించారు. అంతకు ముందు హస్మోనీయ రాజులూ హేరోదూ కొట్టించినవి కంచు నాణేలే. దేవాలయపు పన్ను కట్టడానికి మాత్రం తూరు పట్టణపు వెండి షెకెలు వాడేవారు. వన్నెకూ బరువుకూ దానికి పేరుంది. అయితే దాని మీద మెల్కార్తు అనే తూరు దేవుడి తల, వెనక గద్ద ఉండేవి. తిరుగుబాటుదారులు తలనూ గద్దనూ తీసేశారు. ఒకవైపు పానపాత్ర, రెండోవైపు ఒకే కాడకు మూడు దానిమ్మ మొగ్గలు పెట్టారు. మనిషి ముఖం ఎక్కడా లేదు. బరువు సుమారు 14 గ్రాములు, వెండి దాదాపు మేలిమి. 70లో రోమన్ సేనాపతి తీతు సేనలు దేవాలయాన్ని తగలబెట్టేదాకా, ముట్టడి బిగుసుకుంటున్నా, ఈ నాణెం బరువూ వన్నే దిగలేదు. ఊళ్లో తిండికి కటకటగా ఉన్నప్పుడు కూడా వెండిలో రాగి ఎక్కువ కలపని టంకసాల అది. ఆ నాణేన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ సంగతే.

పాత్ర పైన నాణెం కొట్టిన సంవత్సరం ఉంటుంది. తిరుగుబాటు మొదలైనది 1వ సంవత్సరం. అలా 5 దాకా సాగింది. 5వ సంవత్సరంలో కొన్ని నెలలే మిగిలాయి కాబట్టి ఆ ఏటి షెకెళ్లు బహు అరుదు. చాలాకాలం పండితులు ఈ నాణేలను రెండు శతాబ్దాలు వెనక్కి, మక్కబీయుల కాలానికి నెట్టారు. 1963-65 మధ్య పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదిన్ మసాదా కోటలో తవ్వకాలు జరిపినప్పుడు ఆ తిరుగుబాటు పొరల్లోనే ఇవి బయటపడ్డాయి, 5వ సంవత్సరానివి కూడా. దానితో ఆ వాదం ముగిసింది.

కొత్తపేట బిళ్ళలో పాత్ర పైన ఒకే ఒక్క అక్షరం ఉంది. అది ఆలెఫ్. అంటే 1వ సంవత్సరం. అసలు నాణేల్లో 1వ సంవత్సరానికి మాత్రమే ఇలా ఒంటి అక్షరం వేశారు. 2వ సంవత్సరం నుంచి ముందు 'సంవత్సరం' అనడానికి షిన్ అక్షరం, దాని పక్కన అంకెకు గుర్తుగా మరో అక్షరం, ఇలా రెండేసి వేశారు. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ముత్యాల దగ్గర వచ్చింది. 1వ సంవత్సరపు అసలు షెకెలు మీద పాత్ర అంచు నున్నగా ఉంటుంది, అటూ ఇటూ ఒక్కో చుక్క ఉంటుంది. అంచుకు ముత్యాలు పేర్చడం 2వ సంవత్సరంలో మొదలైంది. ఆలెఫ్ కింద ముత్యాల పాత్ర రాకూడదు.

బిళ్ళ తిప్పితే అదే కథ ఇంకోరకంగా చెబుతుంది. దానిమ్మ మొగ్గల చుట్టూ 'పరిశుద్ధ యెరూషలేము' అని హీబ్రూలో ఉంటుంది. 1వ సంవత్సరపు నాణెం మీద దాన్ని పొదుపుగా 10 అక్షరాల్లో రాశారు. తర్వాతి ఏళ్లలో ఇంకో మూడు అక్షరాలు చేర్చి 13 చేశారు. హీబ్రూ రానక్కర్లేదు, లెక్కపెట్టడం వస్తే చాలు. భూతద్దం పెట్టుకుని దానిమ్మ కాడ అడుగు నుంచి చుట్టూ లెక్కపెట్టాం. అమ్మాయి ఒకసారి, నేనొకసారి. 13 వచ్చాయి. అంటే ముందువైపు అక్షరం 1వ సంవత్సరానిది, పాత్ర అంచూ వెనకవైపు రాతా తర్వాతి సంవత్సరాలవి. యెరూషలేము టంకసాలలో ఇలాంటి నాణెం పుట్టలేదు. దీన్ని చేసినవాడు రెండు వేర్వేరు నాణేలనో, వాటి బొమ్మలనో ముందు పెట్టుకుని, ఒక్కోదాని నుంచి తనకు నచ్చింది తీసుకున్నాడు.

అతను ఏం ఎంచుకున్నాడో గమనించండి. మొదటి ఏడు అన్న గౌరవం కోసం ఆలెఫ్ తీసుకున్నాడు. అందం కోసం ముత్యాల అంచు తీసుకున్నాడు. నున్నటి అంచు చెక్కడం సులువు, ముత్యాలు చెక్కడానికి ఓపిక కావాలి. సులువైన దారి వదిలి కష్టమైన దారి పట్టిన ఆ పనివాడి మీద నాకు గౌరవం పెరిగింది. చరిత్ర లెక్కలో అది పొరపాటే. చేతిపని లెక్కలో మాత్రం కోరి నెత్తిన పెట్టుకున్న కష్టం.

ఇక అక్షరాలు. ఇప్పుడు హీబ్రూ రాసే చదరపు లిపి ఇది కాదు. అంతకన్నా పాతది, రాజుల కాలం నాటి లిపి. క్రీ.శ. 66 నాటికే యెరూషలేములో రోజువారీ రాతకు చదరపు లిపి వచ్చేసింది. తిరుగుబాటుదారులు తమ పాత రాజ్యాన్ని గుర్తుచేయడానికి పాత లిపిని వెనక్కి తెచ్చారు. కాబట్టి అసలు నాణెం చెక్కినవాడు కూడా పాత అక్షరాలను చూసి దింపినవాడే. పైగా హీబ్రూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది. దిమ్మె మీద తిరగేసి చెక్కాలి కాబట్టి అతను ఎడమ నుంచి కుడికి రాయాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం యూదులున్నారు. వాళ్ల ప్రార్థనామందిరంలో హీబ్రూ చదవగలిగినవారు కూడా ఈ లిపి దగ్గర ఆగి కూడబలుక్కోవలసిందే. మనకూ ఇది కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే చైతన్యపురిలో, మూసీ ఒడ్డున ఫణిగిరి గుట్ట మీద, నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద ప్రాకృత శాసనం ఉంది. గోవిందరాజ విహారం పేరు అందులో ఉంది. విష్ణుకుండినుల కాలం నాటి బ్రాహ్మీ అక్షరాలవి. రోజూ ఆ దారిన పోయే మనలో ఎంతమందిమి వాటిని చదవగలం?

అక్షరం తెలిసి చెక్కడానికీ ఆకారం చూసి చెక్కడానికీ తేడా తెలుస్తుంది. షిన్ అక్షరాన్ని తీసుకోండి, ఇంగ్లిష్ డబ్ల్యూ లాగా ఉంటుంది. అక్షరం తెలియనివాడు నాలుగు గీతలూ ఒకే లావున లాగి, మొనలు కలిపేసి ఊరుకుంటాడు. కొత్తపేట బిళ్ళ మీద షిన్ అడుగు మొనలు లోతుగా దిగి, పైకి పోయేకొద్దీ గీతలు సన్నబడ్డాయి. లామెద్ అక్షరం కొక్కెం తిరిగేచోట ఉలి ఆగి తిరిగిన గుర్తుంది. 'ఇశ్రాయేలు షెకెలు' అన్న 8 అక్షరాల మధ్య ఎడం సమంగా పడింది, చివర్లో చోటు చాలక ఇరికించిన అక్షరం ఒక్కటీ లేదు. గుండ్రంగా రాసుకుపోయేటప్పుడు చివరి అక్షరాలు ఇరుకున పడటం అచ్చు చెక్కేవాళ్లకు నిత్యం ఎదురయ్యే బాధ. ఇతను ముందే కొలిచి, గీతలు గీసుకుని పెట్టుకున్నాడు.

పంతులుగారు తెచ్చిన బిళ్ళ పోతపోసింది కాదన్నది కూడా ఇక్కడే తెలిసిపోతుంది. అసలు నాణెం మీద మూస తీసి, కరిగించిన లోహం పోస్తే అక్షరాల అంచులు మెత్తబడతాయి. గాలి బుడగలు చిక్కుకున్నచోట సూది మొనంత గుంటలు పడతాయి. చుట్టూ అంచు మీద రెండు చిప్పలు కలిసిన అతుకు గీత కనబడుతుంది, దాన్ని ఆకురాయితో అరగదీసినా ఆ అరగదీసిన గుర్తు మిగులుతుంది. దిమ్మెతో కొట్టిన నాణెంలో అలా ఉండదు. దెబ్బకు వెండి నడిమి నుంచి అంచుకు పారుతుంది. దీపం వాలుగా పెట్టి తిప్పితే ఆ పారిన సన్నటి గీతలు నాణెం మైదానం మీద మెరుస్తాయి. ఈ బిళ్ళను కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పినప్పుడు అక్షరాల మధ్య నుంచి అంచు దాకా ఆ గీతలు స్పష్టంగా కనిపించాయి. ఇది కొట్టిన నాణెమే.

ఆ తర్వాత బరువు. వంటింటి చిన్న డిజిటల్ కాటా మీద 14.0 చూపింది. పాత బ్రిటిష్ వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అదే పాత తులం. మన పెద్దల పెట్టెల్లో ఇప్పటికీ దొరికే ఉస్మానియా సిక్కా 11.18 గ్రాములు. ఆ రెండింటికన్నా షెకెలు బరువైనది. బరువు మాతృకతో సరిపోయినంత మాత్రాన లోహం వెండే అని చెప్పలేం కాబట్టి నీళ్ల పరీక్ష చేశాం. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. కాటా మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, కాటాను సున్నాకు తేవాలి. బిళ్ళను సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుక్కీ గోడకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు కాటా చూపే అంకె బిళ్ళ పక్కకు నెట్టిన నీళ్ల బరువు. 14.0 గ్రాముల వెండి అయితే సుమారు 1.35 రావాలి. వెండి పూత పూసిన ఇత్తడయితే 1.65 దాకా పోతుంది. తగరం కలిసిన చవక లోహమైతే 1.9 దాటుతుంది. సీసానికి పూత పూస్తే 1.24 దగ్గరే ఆగిపోతుంది. దీనికి ఒక దశాంశ స్థానం చూపే కాటా చాలదు, రెండు స్థానాలు చూపేది కావాలి. అందుకే దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నగల దుకాణానికి వెళ్లాం. వాళ్ల కాటా మీద 1.35 వచ్చింది.

దుకాణంలో కారట్ మీటర్ కూడా ఉంది. బిళ్ళను డబ్బాలో పెట్టి మూత వేస్తే కాసేపట్లో తెర మీద అంకెలు వచ్చాయి. వెండి తొంభై రెండున్నర శాతం, మిగిలింది రాగి. తిరుగుబాటు కాలపు అసలు షెకెలు అయితే వెండి ఇంకా పైన, 98 దరిదాపుల్లో ఉండాలి. పాత వెండిలో ఉండే బంగారం, సీసం జాడలు కూడా కనబడాలి. తొంభై రెండున్నర అన్నది ఈ కాలపు స్టెర్లింగ్ వెండి లెక్క. యంత్రం పైపొరను మాత్రమే చదువుతుంది కాబట్టి దాని మాటొక్కటే నమ్మకూడదు. నీళ్ల పరీక్ష లోపలిది కూడా అదే లోహమని చెప్పింది కాబట్టి రెండూ కలిపి నమ్మవచ్చు.

చివరి సాక్ష్యం అంచు చెప్పింది. జేబులోంచి ఒక రూపాయి తీసి చూడండి. సంవత్సరం కింద ఐదు కోణాల నక్షత్రం ఉంటే అది మన చర్లపల్లి టంకసాలలో కొట్టింది. ఎల్బీనగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా పోతే ఆ టంకసాల దూరమేమీ కాదు. 1903 నుంచి సైఫాబాద్‌లో నడిచి, 1997లో అక్కడికి మారింది. అక్కడ లోహపు బిళ్ళను ఒక ఉక్కు కడియంలో బిగించి పైనా కిందా ఒకేసారి నొక్కుతారు. అందుకే రూపాయి అంచు నిటారుగా, చుట్టూ ఒకే మందంతో వస్తుంది. యెరూషలేములో కడియం లేదు. కింది దిమ్మె దాగలిలో దిగేసి, పోతపోసిన వెండి బిళ్ళను దాని మీద పెట్టి, పై దిమ్మె చేత్తో పట్టి సుత్తితో కొట్టారు. దెబ్బకు వెండి ఎటు పడితే అటు పారింది, అంచున గారెకు వచ్చినట్టు చీలికలు వచ్చాయి. ఆ షెకెళ్లకు ఇంకో ప్రత్యేకత కూడా ఉంది. అంచు చుట్టూ సుత్తితో తట్టి సరిచేశారు. నాణేలు పట్టి చూసేవాళ్లు ఈ తట్టిన అంచును అసలు షెకెలుకు ఆనవాలుగా చూస్తారు.

కొత్తపేట బిళ్ళకు ఈ తట్టిన అంచు కూడా ఉంది! యాత్రికులకు అమ్మే బిళ్ళ అంచును ఎవరు పట్టి చూస్తారు? అయినా ఈ పనివాడు అంచు చుట్టూ చిన్న సుత్తితో తట్టి పలకలు తెప్పించాడు. భూతద్దం ఇంకా దగ్గరగా పెడితే ఆ పలకల అడుగున ఆకురాయి రాసిన సమాంతర గీతలు కనబడ్డాయి. అంటే ముందు అంచును నున్నగా రాసి, తర్వాత పాతదనం కోసం తట్టాడు. రెండు పలకల నడుమ, వెంట్రుక మందాన, 925 అన్న అంకె కొట్టి ఉంది. స్టెర్లింగ్ వెండికి వేసే ముద్ర. ముఖం మీద వేసి బొమ్మను పాడుచేయలేదు, మోసం చేయడానికి దాన్ని ఎగ్గొట్టనూ లేదు. వెతికినవాడికి కనబడేచోట వేశాడు. అతను నిజాయితీపరుడన్న నమ్మకం నాకు ఆ అంకె చూశాకే కుదిరింది.

నకలు చేసేవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం సబబు కాదు. పదహారో శతాబ్దపు పాదువాలో జొవాన్ని ద కవీనో రోమన్ నాణేల తరహాలో చేసిన బిళ్ళలను ఇవాళ వాటి పనితనం కోసమే మ్యూజియాలు దాచుకుంటాయి. కార్ల్ విల్హెల్మ్ బెకర్ (1772-1830) అలా కాదు. గొప్ప చెయ్యి ఉన్నవాడే, కానీ తన నకళ్లను గుర్రపుబండి కింద ఇనుప రజను, జిడ్డు నింపిన పెట్టెలో వేసి, ఊళ్లు తిప్పి అరగదీసి, అసలువిగా చలామణి చేశాడు. అతని దిమ్మెలు బెర్లిన్‌లో ఉన్నాయి. షెకెలు నకళ్లకు ఇంకా పాత చరిత్రే ఉంది. జర్మనీలో గోర్లిట్జ్ అనే ఊళ్లో గేయోర్గ్ ఎమెరిక్ అనే వర్తకుడి పూనికతో యెరూషలేము పవిత్ర సమాధికి నకలు కట్టారు. దాన్ని చూడవచ్చే యాత్రికుల చేతికి షెకెలు పేరున బిళ్ళలు వచ్చేవి. యేసును పట్టించడానికి యూదా తీసుకున్న ముప్పై వెండి నాణేలంటే ఇవేనని జనం నమ్మేవారు. వాటి మీద ముత్యాల పాత్ర బదులు పొగ లేచే ధూపపాత్ర, దానిమ్మ మొగ్గల బదులు ఆకుల కొమ్మ, పాత లిపి బదులు చదరపు హీబ్రూ కనిపిస్తాయి. చేసినవాళ్లు అసలు షెకెలు చూడనే లేదు, విని ఊహించుకున్నారు. ఆ గోర్లిట్జ్ షెకెళ్లను సేకరించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీ ఇంట్లోని బిళ్ళ మీద పొగ, ఆకులు, చదరపు అక్షరాలు ఉంటే అది ఆ వంశానిది. ఇశ్రాయేలు ప్రభుత్వం కూడా పాత నాణేలను దింపుకున్నదే. 1980ల తొలి ఏళ్లలో వాడిన 1 షెకెలు నాణెం మీద ఈ పానపాత్రే ఉంది. దాన్నెవరైనా తెచ్చుకుని పాతదనుకుంటే, వెనక అచ్చైన అంకె చూపిస్తే సరిపోతుంది.

నకలు చేయడంలో మనవాళ్ల చెయ్యి ఏమీ తక్కువది కాదు. పంతులుగారు బస్సెక్కి బడికి పోయిన నల్లగొండ జిల్లాలోనే అక్కనపల్లిలో 1,531 రోమన్ వెండి దేనారాలు దొరికాయి. అగస్టస్, టిబెరియస్ చక్రవర్తులవి అందులో ఉన్నాయి. పన్ను సంగతి వచ్చినప్పుడు యేసు తెప్పించి చూసిన దేనారం టిబెరియస్‌దే అయి ఉంటుందని చాలామంది పండితులు అనుకుంటారు. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల మీద ప్రత్యేకంగా పుస్తకమే వేశారు. యేసు కాలపు నాణెం చూడాలన్న కోరిక ఉంటే కొత్తపేట వాళ్లు యెరూషలేము దాకా పోనక్కర్లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డు ఎటు పోతుందో ఆ దిక్కు మట్టిలోనే అవి బయటపడ్డాయి.

రోమ్ నుంచి వచ్చిన నాణేలను చూసి మన కంసాలులు నకళ్లు చేశారు. చక్రవర్తి ముక్కూ గడ్డమూ పట్టుకున్నారు, కిరీటం ఆకులు పట్టుకున్నారు. లాటిన్ మాత్రం వాళ్లకు తెలియదు. అందుకే ఆ నకళ్ల చుట్టూ రాత గీతలుగా, సున్నాలుగా, చుక్కలుగా మారిపోయింది. వరసలో ఎన్ని అక్షరాలు పట్టాలో అన్ని గీతలు పెట్టి, లయ మాత్రం నిలబెట్టారు. కొన్ని బంగారు నాణేలకు తల పైన రెండు బెజ్జాలు వేసి మెడలో వేసుకున్నారు. వేసుకున్నప్పుడు ముఖం నిటారుగా నిలవాలని బెజ్జాలు సరిగ్గా తల పైనే పడ్డాయి. కొండాపూర్ తవ్వకాల్లో మట్టి నకళ్లు దొరికాయి. ఇది హైటెక్ సిటీ పక్క కొండాపూర్ కాదు, సంగారెడ్డి దగ్గరిది. గులాం యజ్దానీ హయాంలో హైదరాబాద్ పురావస్తు శాఖ 1940ల మొదట్లో తవ్విన శాతవాహన పట్నం. టిబెరియస్ నాణెం మీద మూస తీసి, మట్టి ఒత్తి, పైన దారం దూర్చే కొక్కెం పెట్టి కాల్చారు. బంగారం కొనలేని ఆమె మెడలోకి కూడా రోమ్ చక్రవర్తి వచ్చాడన్నమాట. షెకెలు నకలు చేసిన పనివాడికి మన కొండాపూర్ కుమ్మరి రెండువేల ఏళ్ల ముందటి అన్న.

ఆ తీరు ఇప్పటికీ ఉందనడానికి దిల్‌సుఖ్‌నగర్ దుకాణపు అద్దాల వెనక కాసులపేరు చూస్తే చాలు. పల్చటి బంగారు రేకును లక్ష్మి అచ్చు మీద పెట్టి నొక్కి, ఒకదాని నుంచి ఒకటి తీసి, వరసగా కూర్చుతారు. కాసులపేరు అమ్మేటప్పుడు దుకాణం వాళ్లు మజూరీ, తరుగు లెక్క కడతారు. పనితనానికి వెల ఉందని అక్కడ ఒప్పుకుంటారు. మన బిళ్ళను బేరం పెట్టినప్పుడు మాత్రం "వెండి బరువు కట్టి ఇస్తాం సార్, పనికి ఏమీ రాదు" అన్నారు. వాళ్ల వ్యాపారం అది. కొన్నది కరిగించేవాళ్లకు అక్షరాలతో పనేముంది?

అందుకని వెల సంగతి ఆ అమ్మాయికి విడమరిచి చెప్పాను. 14 గ్రాముల స్టెర్లింగ్‌లో మేలిమి వెండి 12.95 గ్రాములు. ఆ రోజు వెండి ధరతో గుణించి, దుకాణం తీసుకునేది తీసేస్తే వచ్చేదే అమ్మకపు ధర. అదేమంత పెద్ద మొత్తం కాదు. అసలు షెకెలు అయితే వేలంలో లక్షల్లో పలుకుతుంది. అయితే అసలుదానితో పాటు కాగితాలు కూడా రావాలి. ఇశ్రాయేలులో పురావస్తువులకు 1978 చట్టం ఉంది, దేశం దాటించాలంటే అనుమతి పత్రం కావాలి. మన దగ్గర 1972 పురావస్తు చట్టం కింద వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. లైసెన్సు లేకుండా దాన్ని అమ్మే వ్యాపారం చేయకూడదు, దేశం బయటికి పంపకూడదు. నకలుకు ఈ బాధలేవీ లేవు. కాగితం లేకుండా, సంచిలో వేసుకుని తెచ్చుకోవడమే ఇది నకలని చెప్పే ఇంకో ఆనవాలు. పంతులుగారు ఎవరి చేతిలోనూ మోసపోలేదని నేననుకుంటున్నాను. లెక్కల మాస్టారు అంచు మీది 925 చూడకుండా ఉండి ఉంటారా? యేసు కాలం నాటిదని ఆయన అన్నది బొమ్మ గురించే కావచ్చు, ఆ బొమ్మ కూడా యేసు తర్వాతి తరానిదే అయినా.

కరిగించే ధరకు ఇచ్చేయొద్దని ఖచ్చితంగా చెప్పాను. నేను చూసిన యాత్రికుల బిళ్ళల్లో ఇంత శ్రద్ధగా కొట్టింది ఇంకోటి లేదు. చాలావాటిలో అక్షరాలు కలిసిపోయి ఉంటాయి, అంచు యంత్రం కోసిన నిటారు అంచు, లోహం వెండి పూత. ఇందులో పాత లిపి తెలిసిన చెయ్యి ఉంది, తట్టిన అంచు ఉంది, మూడు దానిమ్మ మొగ్గల్లో మధ్యది కాస్త ఎత్తుగా, అటూ ఇటూవి దానికి ఒదిగి ఉన్నాయి. ఒక్కో మొగ్గ కొసన విచ్చుకునే రేకులు కూడా విడివిడిగా చెక్కాడు. ఇలాంటివి సేకరించేవాళ్లున్నారు, వాళ్లిచ్చేది వెండి ధర కన్నా ఎక్కువే ఉంటుంది. ఎంతన్నది కొనేవాడి కంటిని బట్టి పోతుంది. తమ్ముడూ తనూ పంచుకోవాలంటే బిళ్ళ ఒకరి దగ్గర ఉంచి, ఆ వెండి విలువలో సగం రెండోవారికి ఇచ్చుకుంటే సరిపోతుంది.

విభూతి పెట్టి తోమొద్దని కూడా చెప్పాను. అక్షరాల మూలల్లో చేరిన నలుపే ఇప్పుడు వాటిని చదివిస్తోంది. తోమితే నలుపుతో పాటు ముత్యాల తలలూ అరుగుతాయి. పీవీసీ సంచిలో పెడితే వెండి మీద పచ్చటి జిగురు పడుతుంది కాబట్టి మామూలు కాగితపు కవరులో పెట్టమన్నాను. కవరు మీద రాయాల్సింది కూడా అక్కడే కూర్చుని రాసిచ్చాను: తిరుగుబాటు షెకెలుకు నకలు. దిమ్మెతో కొట్టింది, పోత కాదు. స్టెర్లింగ్ వెండి, 14.0 గ్రాములు, అంచు మీద 925. ముందు ఆలెఫ్ 1వ సంవత్సరానిది. ముత్యాల అంచు, వెనక 13 అక్షరాలు 2వ సంవత్సరం తర్వాతివి. నాన్న యెరూషలేము నుంచి తెచ్చారు. అమ్మాయి ఆ కాగితం చదువుకుని, చివరి వాక్యంలో నాన్న పక్కన ఆయన పేరూ, యాత్రకు వెళ్లిన సంవత్సరమూ తన చేత్తో చేర్చింది.